నిప్పుకు దొరకని ముఖం

1927వ సంవత్సరం. ప్యారిస్‌లో ఒక సినిమా సెట్టు.

కత్తెర ఆడుతోంది. జుట్టు పాయలు పాయలుగా భుజాల మీద పడి, అక్కణ్నుంచి నేల మీదికి జారుతోంది. పీట మీద కూర్చున్న ఆవిడ పేరు రెనే ఫాల్కొనెట్టి. వయసు 35. ప్యారిస్ రంగస్థలం మీద పేరున్న నటి. తల మీద ఉన్నది విగ్గు కాదు. కళ్లలోంచి కారుతున్నది గ్లిజరిన్ కాదు. జుట్టు నెత్తికంటా కత్తిరించే వరకూ కెమెరా తిరుగుతూనే ఉంది. చుట్టూ నిలబడ్డ పనివాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఇది షూటింగేనని వాళ్లకు తెలుసు. అయినా కళ్లెదుట నిజంగానే ఎవరికో శిక్ష పడుతున్నట్టుంది వాళ్లకి.

'ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' అనే మూకీ చిత్రం కోసం తీసిన సన్నివేశం అది. వెండితెర మీద గొప్ప నటన ఏదన్న చర్చ వస్తే ఇప్పటికీ ముందు వరసలో వినిపించే పేరు ఫాల్కొనెట్టి. అంతటి పాత్ర చేశాక ఆవిడ మళ్లీ సినిమాల్లో కనిపించలేదు. ఆ సినిమా కూడా యాభై ఏళ్లకు పైగా అసలు రూపంలో ఎవరికీ కనిపించలేదు.

అగ్గిపుల్లతో తేలిన కథ

దర్శకుడు కార్ల్ థియొడోర్ డ్రేయర్‌ది డెన్మార్క్. ఆయన తీసిన ఓ కుటుంబ కథాచిత్రం ఫ్రాన్స్‌లో బాగా ఆడటంతో అక్కడి నిర్మాణ సంస్థ పిలిచి, ఫ్రాన్స్ చరిత్ర మీద సినిమా తీయమంది. ముగ్గురు స్త్రీల పేర్లు ముందుకొచ్చాయి: రాణి మేరీ ఆంటోనెట్, కేథరీన్ డి మెడిచి, జోన్ ఆఫ్ ఆర్క్. చివరికి అగ్గిపుల్లలతో చీట్లు తీస్తే జోన్ పేరు వచ్చిందని డ్రేయర్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు.

జోన్ పల్లెటూరి రైతు బిడ్డ. అక్షరం ముక్క రాదు. దేవదూతలు తనతో మాట్లాడుతున్నారని, దేశాన్ని ఆంగ్లేయుల నుంచి కాపాడమంటున్నారని చెప్పి, మగవేషంలో గుర్రమెక్కి 1429లో ఓర్లియాన్ నగరాన్ని ముట్టడి నుంచి విడిపించింది. మరుసటి ఏడాదే శత్రువులకు చిక్కింది. రువాన్ నగరంలో మతాధికారుల న్యాయస్థానం నెలల తరబడి ఆమెను విచారించి, మతద్రోహి అని తీర్పు చెప్పింది. 1431 మే 30న నడిబజారులో సజీవంగా దహనం చేశారు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. పాతికేళ్లకు, 1456లో, ఆ తీర్పు చెల్లదని మతపెద్దలే తేల్చారు. 1920లో ఆమెను సెయింట్‌గా ప్రకటించారు.

ఇంత కథలో డ్రేయర్ యుద్ధం జోలికి పోలేదు. గుర్రాలు, కత్తులు, కోటల మీద దాడులు అన్నీ వదిలేశాడు. విచారణలో ఏ ప్రశ్న వేశారో, ఆ పిల్ల ఏం జవాబిచ్చిందో ఆనాటి గుమస్తాలు రాసిపెట్టిన రికార్డు భద్రంగా ఉంది. దాన్ని పరిష్కరించి ప్రచురించిన చరిత్రకారుడు పియెర్ షాంపియాన్‌ను సలహాదారుగా పెట్టుకున్నాడు. నెలల విచారణను ఒక్క రోజులో జరిగినట్టు కుదించి స్క్రిప్టు రాసుకున్నాడు.

రంగు కడిగిన ముఖం

ఫాల్కొనెట్టిని డ్రేయర్ మొదట చూసింది ఒక ప్యారిస్ నాటకంలో. అది తేలికపాటి సరదా నాటకం. నిండా మేకప్, నాజూకు వేషం. మర్నాడే వెళ్లి కలిశాడు. మేకప్ లేకుండా ఒకసారి కెమెరా ముందు కూర్చోమన్నాడు. రంగు కడిగేసిన ఆ ముఖంలో తనకు కావల్సిన పల్లెటూరి అమాయకత్వమూ, మూగగా ఓర్చుకున్న కష్టమూ కనిపించాయి. వెతుకులాట అక్కడితో ఆగింది.

సెట్లో ఎవరికీ మేకప్ వద్దన్నాడు. అన్ని రంగుల ఛాయల్నీ పట్టుకోగల కొత్తరకం ఫిల్ము అప్పుడప్పుడే వాడకంలోకి వస్తోంది. కెమెరామన్ రుడాల్ఫ్ మాటే దాంతో ముఖాల్ని అతి దగ్గరగా తీశాడు. పెదవుల మీది పగుళ్లు, మచ్చలు, పులిపిర్లు, ముడతల్లో నిలిచిన చెమట అన్నీ కనిపిస్తాయి. న్యాయమూర్తులుగా వేసినవాళ్లు ఆనాటి మఠాధిపతుల్లా నడినెత్తి గొరిగించుకుని, షూటింగ్ జరిగినన్నాళ్లూ అలాగే తిరిగారు. కింది నుంచి చూస్తే ఆ పెద్దలు కొండల్లా కనిపించాలని నేలలో గోతులు తవ్వించి కెమెరా అందులో పెట్టించాడు. నిర్మాతలు లక్షల ఫ్రాంకులు పోసి కోట గోడలు, బురుజులు, వంతెనతో ఒక ఊరినే కట్టించారు. తెర మీద చూస్తే అది ఎక్కడోగానీ కనిపించదు. అంతా ముఖాలే.

కథ ఏ వరసలో నడుస్తుందో షూటింగూ అదే వరసలో సాగింది. రోజులు గడిచేకొద్దీ జోన్‌తో పాటు ఫాల్కొనెట్టి కూడా నలుగుతూ వచ్చింది. కీలకమైన ఘట్టాలప్పుడు డ్రేయర్ అక్కర్లేనివాళ్లను బయటికి పంపి, చుట్టూ తెరలు కట్టించేవాడు. ముందురోజు తీసింది ఇద్దరూ కలిసి చూసేవారు. అందులో ఎక్కడో ఒక లిప్త పాటు నిజం మెరిసేది. మిగతాదంతా పక్కన పెట్టి, ఆ మెరుపు దగ్గర మళ్లీ మొదలుపెట్టేవారు. అలా వడగట్టగా వడగట్టగా మిగిలిన నటన అది.

గడ్డి కిరీటం

విచారణ మధ్యలో పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. నీ మీద దైవానుగ్రహం ఉందా? ఉందంటే అహంకారం. లేదంటే నేరం ఒప్పుకున్నట్టు. ఎటు చెప్పినా ఉచ్చే. ఆంటొనాన్ ఆర్తో నటించిన యువ సన్యాసి మాస్యూ అది గమనించి, జవాబు చెప్పొద్దని హెచ్చరించబోయి చీవాట్లు తింటాడు. జోన్ కాసేపు ఆగుతుంది. ఆ కళ్లలో తెలివితేటల మెరుపు గానీ, గెలిచానన్న పొగరు గానీ లేవు. ఉంటే దేవుడు అలాగే ఉంచాలనీ, లేకుంటే ప్రసాదించాలనీ చెబుతుంది. చదువుకున్న పెద్దల నోళ్లు మూతపడతాయి. ఇది రచయిత కల్పన కాదు, ఆమె నిజంగా ఇచ్చిన జవాబుగా రికార్డులో ఉన్న మాటే.

తర్వాత ఆ పిల్లా బెదిరింది. ఒళ్లు జ్వరంతో కాలిపోతుండగా, చితి భయం చూపించి కాగితం మీద సంతకం పెట్టించారు. ప్రాణం దక్కింది, యావజ్జీవ ఖైదు పడింది. జైల్లో జుట్టు కత్తిరించారు. ఊడ్చేవాడు వచ్చి నేల మీద పడ్డ వెంట్రుకల్ని చీపురుతో పోగుచేస్తున్నాడు. వాటితో పాటు, ఖైదులో కూర్చుని ఆమె గడ్డిపోచలతో అల్లుకున్న చిన్న కిరీటం కూడా చెత్తలోకి పోతోంది. జోన్ దాన్ని చూసింది. ప్రాణం కోసం తను దేన్ని పారేసుకుందో అప్పుడు తెలిసొచ్చింది. న్యాయమూర్తుల్ని వెనక్కి పిలిపించింది. అబద్ధమాడానని చెప్పింది. చావుకు సిద్ధపడింది.

నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. ఆకాశవాణి వినిపించదు. దేవదూతలు దిగిరారు. ఆమె విన్నానన్న స్వరాలు మనకు ఒక్కసారి కూడా తెర మీద ఎదురుకావు. నాలుగు గడ్డిపోచలు, ఒక చీపురు, ఒక ముఖం. మనిషి లోపల విశ్వాసం తిరిగి లేచి నిలబడటం ఆ మూడింటితోనే చూపించాడు డ్రేయర్. చితి దగ్గర ఆమెను స్తంభానికి కడుతుండగా తలారి చేతిలోంచి తాడు జారుతుంది. జోన్ వంగి, తీసి, అతని చేతికి అందిస్తుంది. క్షమ గురించి పుస్తకాలు చెప్పేదంతా ఆ ఒక్క కదలికలో ఉంది.

రెండు అగ్నిప్రమాదాలు

సినిమాను 1928 ఏప్రిల్‌లో కోపెన్‌హాగన్‌లో మొదట ప్రదర్శించారు. ఫ్రాన్స్‌లో విడుదలయ్యేసరికి ప్యారిస్ ఆర్చిబిషప్ అభ్యంతరాలు, సెన్సారు కోతలు మీదపడ్డాయి. ఆంగ్ల సైనికుల్ని క్రూరులుగా చూపించారని బ్రిటన్ నిషేధించింది. డబ్బులూ రాలేదు.

1928 డిసెంబరు 6న బెర్లిన్‌లోని ఊఫా సంస్థ ల్యాబులో మంటలు లేచాయి. సినిమా అసలు నెగెటివ్ బూడిదైంది. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేట్‌తో తయారయ్యేది, నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమనేది. డ్రేయర్ కూలబడిపోలేదు. వాడకుండా పక్కన పెట్టిన టేకుల్ని వెతికి, షాటు వెంట షాటు పేర్చి, సినిమాను మళ్లీ కట్టాడు. 1929లో ఫ్రాన్స్‌లోని ఇంకో ల్యాబులో ఆ రెండో నెగెటివ్ కూడా తగలబడిందన్నారు. ఆ తర్వాత లోకానికి మిగిలినవి అరకొర ప్రింట్లు, ఎవరెవరో తోచినట్టు కత్తిరించి సంగీతం అతికించినవి.

ఫాల్కొనెట్టి నాటకాల్లోకి వెళ్లిపోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యూరప్ వదిలి, 1946లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో కన్నుమూసింది. మాస్యూగా వేసిన ఆర్తో తొమ్మిదేళ్లు మానసిక వైద్యశాలల్లో గడిపాడు. డ్రేయర్ ఏసుక్రీస్తు జీవితాన్ని తెరకెక్కించాలని ఏళ్ల తరబడి కలగన్నాడు. ఆ కల తీరకుండానే, తన జోన్ శాశ్వతంగా పోయిందనుకుంటూనే 1968లో వెళ్లిపోయాడు.

మానసిక వైద్యశాలలో

1981. నార్వే రాజధాని ఓస్లోకు దగ్గర్లోని డికెమార్క్ మానసిక వైద్యశాల. సామాను గది శుభ్రం చేస్తుంటే పాత ఫిల్ము డబ్బాలు బయటపడ్డాయి. వాటిని నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడా మూడేళ్లు మూత తీయకుండా పడున్నాయి. చివరికి తెరిచి చూస్తే, లోపల ఉన్నది సెన్సారు కత్తెర పడక ముందటి అసలు సినిమా. మంటల్లో పోయిందనుకున్న ముఖం చెక్కుచెదరకుండా వచ్చింది.

ఇవాళ మనం చూస్తున్నది ఆ ప్రింటు నుంచి పునరుద్ధరించిన చిత్రమే. నిడివి సుమారు గంటన్నర. చూసేటప్పుడు జోన్ ముఖంతో పాటు న్యాయమూర్తుల ముఖాల్నీ చూడండి. వాళ్లు రాక్షసులు కారు. కొందరు జాలిపడతారు, ఒకరిద్దరు ఆమె ముందు తల వంచుతారు, ఆమెకు శిక్ష వేసినవాళ్ల కళ్లలోనూ నీళ్లు తిరుగుతాయి. వాళ్లు పలికేదీ దేవుడి పేరే, ఆమె పలికేదీ దేవుడి పేరే. ఒకరు ఆ పేరును అధికారంగా పట్టుకున్నారు, ఒకరు ఆ పేరుకు తనను తాను ఇచ్చేసుకున్నారు. ఎవరిది నిజమైన భక్తో సినిమా ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. ఆ తేడా మనకు తెలియడానికి ఫాల్కొనెట్టి తన అందాన్ని, జుట్టును, నటిగా తన నాజూకుతనాన్ని వదిలేసుకుంది. దేవుణ్ని చూపించాలంటే తెర నిండా వెలుగులూ మహిమలూ ఉండాలనుకుంటాం. నమ్మినదాని కోసం అన్నీ వదులుకున్న మనిషిని దగ్గరగా, ఓపిగ్గా చూపించగలిగితే అంతకన్నా పెద్ద మహిమ అక్కర్లేదని ఆమె నటన దాదాపు వందేళ్లుగా రుజువు చేస్తూనే ఉంది.