బొంత మడత

పొద్దున ఆరు కావస్తోంది. ఎల్లారెడ్డి పట్టణం. కామారెడ్డి బస్సు హారన్ మోగి దూరమవుతోంది. నువ్వు ముందు గదిలో చాప మీద గోడవైపు తిరిగి సక్లంముక్లం పెట్టుకుని కూర్చున్నావు. ఫోన్‌లో 25 నిమిషాలకు గంట పెట్టావు. గడిచింది తొమ్మిది నిమిషాలే.

మోకాళ్లు చాపకు జానెడు ఎత్తున గాల్లో ఉన్నాయి. వీపు వంగిపోతోంది. నిటారు చేద్దామంటే తొడలు వణుకుతున్నాయి. మూడు వారాల్లో ఎడపల్లి మండలం పోచారంలోని విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్లాలి. నాలుగో రోజు నుంచి అక్కడ రోజుకు మూడుసార్లు, గంట చొప్పున, కాళ్లు చేతులు కదపకుండా కూర్చోవాలి. ఇంట్లో మొదలుపెట్టింది జెన్, అక్కడ విపశ్యన. పద్ధతులు వేరు. మోసుకెళ్లేది మాత్రం ఈ మోకాళ్లనే.

జెన్ పుస్తకంలో చూసిన అర్ధ పద్మాసనం బొమ్మ గుర్తొస్తుంది. కుడి పాదం పట్టుకుంటావు. ఎడమ తొడ మీదికి గుంజుతావు.

చురుక్కు.

మోకాలి లోపలివైపు. సూది గుచ్చినట్టు.

ఓర్చుకోవాలా? వదిలెయ్యాలా?

ఇంకొంచెం గుంజుతావు. చెమట. ఊపిరి ఆగింది.

వదిలెయ్. ఇప్పుడే. పిక్క కింద రెండు చేతులూ పెట్టి కాలు మెల్లగా దించు.

మోకాలు తలుపు బందు లాంటిది. మడవడానికీ చాపడానికే పుట్టింది. గుండ్రంగా తిరగాల్సింది తుంటి. ఏళ్లుగా కుర్చీకి అలవాటైన నీ తుంటి తిరగనంటోంది. ఆ మెలి అంతా మోకాలి మీద పడుతోంది. లోపలి మృదులాస్థి చిరిగితే నెలల తరబడి బాధ. తొడ లాగుతుంటే కాసేపు ఓర్చుకోవచ్చు. మోకాలు పొడిస్తే వెంటనే వదిలెయ్యాలి.

"గట్ల గుంజకు బిడ్డా. పిర్రల కింద బొంత ఏసుకో."

పక్కింటి పెద్దమ్మ. అరుగు మీద, ఒడిలో చాట. తునికాకు కత్తిరిస్తోంది, చిటికెడు పొగాకు పోస్తోంది, చుడుతోంది, దారం కడుతోంది. రెండు మోకాళ్లూ నేలకు ఆనే ఉన్నాయి. అయినా కాసేపటికోసారి ఒక కాలు చాపుకుంటుంది. బీడీల పని ఆమె నడుమునేమీ వదల్లేదు. కాళ్ల మాట మాత్రం ఆమెకు తెలిసినంత నీకు తెలియదు.

బొంత మూడు మడతలు వేస్తావు. దాని ముందు అంచున కూర్చుంటావు. కాళ్లు ఒకదాని మీద ఒకటి వద్దు, ఒకదాని ముందు ఒకటి చాలు. పిర్రలు పైకి లేస్తాయి, మోకాళ్లు కిందికి దిగుతాయి. ఎడమది ఇంకా గాల్లోనే ఉంది. కింద తువ్వాలు దూర్చు. వెన్ను తనంతట తానే లేస్తుంది. ఊపిరి పొట్టదాకా దిగుతుంది. పదమూడో శతాబ్దపు జపాన్ జెన్ గురువు డోగెన్ ధ్యానం గురించి రాసిన సూచనల్లో మందపాటి చాప, దాని మీద మెత్త అని ఉంది. నువ్వు పుస్తకంలో బొమ్మే చూశావు, ఆ ముక్క చదవలేదు.

రేపటి నుంచి పాదాలు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకు వాల్చి రోజూ ఐదు నిమిషాలు. నొక్కొద్దు, బరువుకు అవే దిగుతాయి.

గంట మోగుతుంది. లేవబోతావు.

ఆగు. కుడి పాదం నీది కానట్టుంది. మొద్దుబారిన కాలి మీద నిలబడితే చీలమండ మడతపడొచ్చు. కాళ్లు చాపు. వేళ్లు ఆడించు. చీమలు పాకుతాయి, పాకనీ.

అరుగు మీద కత్తెర చప్పుడు ఆగలేదు. నీ బొటనవేలు కదిలింది.