నూగారూ, శ్మశ్రువూ

ఈ టపా వ్రాయాలా వద్దా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. ఆడవారి ముఖాన మొలిచే వెంట్రుకల గురించి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. దానికి కారణం ఒక పర్యాయపదం.

1988లో మా వెంకటాచలం ప్రాంతపు ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతికి పర్యాయపదాలు చెబుతున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త, అమరం నాలుక చివరన ఉన్నదన్న గర్వం మాత్రం పాతది. ‘శ్మశ్రువు’ అన్న మాట వచ్చింది. మీసము, గడ్డము అని అర్థం చెప్పాను. వెనుక బల్ల మీది పిల్లవాడొకడు తల తిప్పి ఆడపిల్లల వరుసలో ఒక అమ్మాయి వైపు చూశాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేను వారించలేదు సరికదా, నా పెదవుల మీదకూ ఒక చిరునవ్వు వచ్చింది. ఆ అమ్మాయి ఓణీ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తరువాత పది దినాలకు బడి మానింది.

ఆ చిరునవ్వు ఎక్కడి నుండి వచ్చిందో వెదుకుతూ పోతే, నేను చదువుకున్న పుస్తకాలలోకే దారి తీసింది.

అమరసింహుడు ఒంటి మీది వెంట్రుకలకు తనూరుహము, రోమము, లోమము అని పేర్లు చెప్పి, అవి పురుషుని ముఖం మీద పెరిగితే శ్మశ్రువు అన్నాడు. ‘పురుషుని ముఖం’ అన్న నియమం గమనించండి. మరి స్త్రీ ముఖాన మొలిస్తే? దానికి ఆయన ఆ వెంట్రుకకు పేరు పెట్టలేదు, ఆ మనిషికి పెట్టాడు. అదే కోశంలో ‘పోటా’ అన్న పదం ఉన్నది. స్త్రీ పురుష లక్షణాలు రెండూ కలది అని దాని అర్థం. గడ్డము గల స్త్రీ అని కూడా నిఘంటువులు చెబుతాయి. మగవాడికి మొలిస్తే అది అతని మీసం. ఆడదానికి మొలిస్తే ఆమే వేరొక జాతి!

మనుస్మృతి మూడవ అధ్యాయంలో పెండ్లాడదగని కన్యల పట్టిక ఒకటి ఉన్నది. ఒంటి మీద రోమాలు బొత్తిగా లేని పిల్ల పనికిరాదు, మరీ ఎక్కువ ఉన్న పిల్లా పనికిరాదు. అంటే పెండ్లిచూపులలో పిల్ల ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూసే అలవాటు నిన్న మొన్నటిది కాదన్నమాట.

ఇక మన ప్రబంధ కవుల సంగతికి వద్దాం. నాయిక వర్ణనలో నాభి నుండి పైకి సాగే సన్నని రోమాల వరుసను వారు వదిలిపెట్టలేదు. అదే నూగారు. దానిని తుమ్మెదల బారు అన్నారు, చీమల బారు అన్నారు, నల్లత్రాచు అన్నారు, మన్మథుడు కాలిన పొగ అన్నారు. తరగతిలో ఆ పద్యాలు వచ్చినపుడు మేము గొంతు సవరించుకుని గబగబా దాటవేసేవాళ్ళం. కానీ మాలో మేము కూర్చున్నపుడు ఆ ఉపమల చమత్కారాన్ని మెచ్చుకోని పండితుడు లేడు. పొట్ట మీద అలంకారమైనది జానెడు దూరం పైకి వచ్చి పెదవి మీద మొలిస్తే పరిహాసమైపోయింది. మా ఊరి పేరే తిరుమల కొండ పేరు. ఆ కొండ మీద ఆడవారు తలవెంట్రుకలు సమర్పిస్తే పుణ్యం. అదే ఆడవారికి గడ్డం కింద నాలుగు వెంట్రుకలు వస్తే, ఏ జన్మలో చేసిన పాపమో అనే మాట.

తొలగించే ఉపాయాలూ పాతవే. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో వ్రణాలకు 60 ఉపక్రమాలు చెప్పబడ్డాయి. వాటిలో రోమాలను మొలిపించడం ఒకటి, రోమాలను తొలగించడం ఒకటి. కత్తి, కత్తెర, పట్టుకారు మొదట చెప్పి, తరువాత శంఖచూర్ణం రెండు పాళ్ళు, హరిదళం ఒక పాలు కలిపిన లేపనం చెప్పాడు. అది అందానికి కాదు, వెంట్రుకలు కమ్మిన పుండు సరిగా మానదని. క్షారమూ గంధకమూ కలిస్తే వెంట్రుకలోని మాంసకృత్తు కరిగిపోతుంది. నేటి రోమనాశక క్రీములు పనిచేసేదీ దాదాపు ఆ సూత్రం మీదనే. అయితే హరిదళం అంటే ఆర్సెనిక్ సమ్మేళనం, విషం. పుస్తకంలో ఉన్నది కదా అని ఎవరూ దాని జోలికి పోరాదు.

మన ఇండ్లలో ఇంత ప్రమాదం లేని పద్ధతి నలుగు. మా అవ్వ ఆడపిల్ల పుట్టిన కొన్నాళ్ళ నుండే సెనగపిండి, మీగడ, కస్తూరి పసుపు కలిపి ఒళ్ళంతా రుద్దించేది. మగపిల్లలకు ఇంత శ్రద్ధ లేదు. ఆ రుద్దుడుకు సన్నని నూగు కొంత ఊడి వస్తుంది, చర్మం నునుపు తేలుతుంది. అంతవరకు నిజం. కానీ ముదురు వెంట్రుక మొలిపించే కారణం రక్తంలో ఉంటుంది గనుక పసుపు పూత అక్కడిదాకా పోదు. ఆ సంగతి తెలియక, ఆడపిల్లకు మీసం వస్తే “చిన్నప్పుడు తల్లి సరిగా నలుగు పెట్టలేదు” అని తల్లిని కూడా దోషిని చేసేవారు.

ఇదంతా మన వెనుకబాటు, పడమటి దేశాలు మనకన్న మేలు అనుకుంటే పొరపాటు. మెక్సికోలో 1834లో పుట్టిన జూలియా పాస్త్రానా అనే ఆమెకు ముఖమంతా, ఒళ్ళంతా దట్టమైన రోమాలు. పాడగలదు, ఆడగలదు. అయినా అమెరికా, యూరపులలో ఆమెను వింతమృగంలా ప్రదర్శించి డబ్బు చేసుకున్నారు. ఆ ప్రదర్శకుడే ఆమెను పెండ్లాడాడు. 1860లో మాస్కోలో బిడ్డను కని ఆమె చనిపోతే, తల్లీబిడ్డల దేహాలను చెడిపోకుండా భద్రపరచి మళ్ళీ ప్రదర్శించాడు. చివరకు 2013 ఫిబ్రవరిలో గాని ఆమె తన సొంత సీమ మట్టికి చేరలేదు. నూట యాభై మూడేండ్లు!

సామాన్య స్త్రీల గతి మరొక విధం. 1875లో అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు, కంటిలోకి లోపలికి పెరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుకలను విద్యుత్తు సూదితో శాశ్వతంగా తొలగించే పద్ధతి కనిపెట్టాడు. ఎలక్ట్రాలిసిస్ అంటే అదే. మంచి పద్ధతి, నేటికీ నిలిచింది, కానీ ఒక్కొక్క వెంట్రుకనూ విడిగా తీయాలి, బహు నిదానం. ఇంతలో 1895లో ఎక్స్ కిరణాలు వచ్చాయి. అవి పడిన చోట వెంట్రుకలు రాలడం మరుసటి ఏడే గమనించారు. 1920లలో అమెరికాలో ‘ట్రైకో’ అనే పద్ధతి పేరిట దుకాణాలు వెలిశాయి. నొప్పి లేదు, సూది లేదు, పెట్టె ముందు కూర్చుంటే చాలు అని వేలమంది స్త్రీల ముఖాలకు ఆ కిరణాలు పట్టారు. కొన్నేండ్లకు ఆ చర్మం ముడుతలు పడింది, పుండ్లు పడింది, కొందరికి కాన్సరు వచ్చింది.

1930 ప్రాంతంలో అక్కడే ‘కోరెమ్లు’ అనే క్రీము అమ్మారు. అందులో ఉన్నది థాలియం, ఎలుకల మందుగా వాడిన విషం. పెదవి మీది వెంట్రుకల కోసం పూసుకున్నవారికి తలవెంట్రుకలు రాలాయి, కాళ్ళు పడిపోయాయి. 1932 నాటికి ఆ కంపెనీ దివాలా తీసింది. సౌందర్య సాధనాలను కూడా అదుపులోకి తెచ్చిన 1938 నాటి అమెరికా చట్టానికి దారితీసిన ఉదాహరణలలో ఇదొకటి. ఇంత విషాన్ని ముఖానికి పూసుకున్న ఆ స్త్రీలు తెలివితక్కువవారు కారు. నలుగురి నవ్వు విషం కన్న భయంకరంగా తోచినవారు.

కారణం ఏమిటి? దానికి సమాధానం ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. పురుష హార్మోన్లు అని మనం పిలిచేవి ప్రతి స్త్రీ ఒంటిలోనూ కొద్దిపాటిగా ఉంటాయి. అండాశయాలు, మూత్రపిండాల మీది అధివృక్క గ్రంథులు వాటిని తయారు చేస్తాయి. అవి హెచ్చినా, లేక వెంట్రుక కుదురు వాటికి అతిగా స్పందించినా, సన్నని నూగు నల్లని ముదురు వెంట్రుకగా మారుతుంది. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు నెలసరి తప్పడం, అవాంఛిత రోమాలు, నీటితిత్తుల అండాశయాలు కలిసి వచ్చే ఒక వ్యాధిని వర్ణించారు. నేడు పీసీఓఎస్ అని మన పిల్లల నోట వినేది అదే. ఈ బాధతో వచ్చేవారిలో అత్యధికులకు మూలం అదే. కొందరికి వంశపారంపర్యం, కొందరికి ముట్లుడిగిన తరువాతి మార్పు, కొందరికి వాడే మందులు. కొందరిలో అన్ని పరీక్షలూ సరిగా ఉండి కూడా వెంట్రుకలు వస్తాయి. అరుదుగా గ్రంథులలో గడ్డలు కారణం కావచ్చు. కొద్ది నెలలలోనే హఠాత్తుగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు పోవాలి.

1961లో ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరు వైద్యులు దీనిని కొలవడానికి ఒక పట్టిక తయారు చేశారు. నేడు వాడే రూపంలో ఒంటి మీద తొమ్మిది చోట్లు, ఒక్కొక్క చోటికి సున్న నుండి నాలుగు దాకా మార్కులు. పైపెదవి, గడ్డం, రొమ్ము, ఆ తరువాత పొట్ట పైభాగం, పొట్ట కిందిభాగం... ఇక్కడికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. మన కవులు తుమ్మెదల బారు అని మురిసిన నూగారు ఈ పట్టికలో పెదవి మీది మీసం పక్కనే, ఒకే కొలతతో, ఒకే హార్మోను ఖాతాలో కూర్చుని ఉన్నది. దేహానికి రెండింటికీ భేదం తెలియదు. భేదం పెట్టినది మా అలంకారశాస్త్రం.

మన రాష్ట్రంలోనే ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుండి 18 ఏండ్ల వయసు గల 460 మంది అమ్మాయిలను పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. 9.13 శాతం మందికి పీసీఓఎస్ ఉన్నదని తేలింది. అంటే పదకొండు మందిలో ఒకరు. 1988 నాటి నా తరగతిలో ఇరవై ఇద్దరు ఆడపిల్లలు. లెక్క మీరే వేసుకోండి. నేను నవ్వినది ఒక్క పిల్లను చూసి కాకపోవచ్చు.

నేటి ఉపాయాలు క్లుప్తంగా చెబుతాను. గీస్తే ముదురుతుందన్నది అపోహ. మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్రి 1928లోనే పరిశీలించి అది నిజం కాదని చెప్పింది. దారంతో తీయించుకోవడం, క్రీములు తాత్కాలికం. లేజరు 1990ల మధ్య నుండి వాడుకలోకి వచ్చింది. నల్లని వెంట్రుకలకు బాగా పనిచేస్తుంది, కానీ మన చామనచాయ చర్మానికి తగిన యంత్రం, తెలిసిన చేయి లేకపోతే కాలి మచ్చలు పడతాయి. హార్మోన్లను సరిచేసే మాత్రలు ఉన్నాయి. వైద్యుల సలహా మీదనే వాడాలి, కొన్ని గర్భిణులకు కూడవు, ఫలితం కనబడడానికి ఆరు నెలలైనా పడుతుంది. పీసీఓఎస్ ఉన్నవారికి మధుమేహం వచ్చే అవకాశమూ ఎక్కువ గనుక బరువు, ఆహారం, వ్యాయామం మందులో భాగమే. వెంట్రుకను తీసివేసి కారణాన్ని వదిలేస్తే గంట మోగుతుంటే గంట నాలుకకు గుడ్డ చుట్టినట్లే.

కొన్నేండ్ల క్రితం మా వెంకటాచలం స్టేషనులో నెల్లూరు బండి కోసం కూర్చుని ఉండగా, ఒకామె వచ్చి “బాగుండారా అయ్యవారూ” అన్నది. గడ్డం కింద రూపాయి బిళ్ళంత పాత కాలిన మచ్చ. పక్కన ఇంటరు చదివే కూతురు. గుర్తుపట్టాను. ఇన్నాళ్ళూ మోసిన మాట బయటికి తీసి, ఆనాడు నేను నవ్వడం తప్పమ్మా అన్నాను.

ఆమె కాసేపు పట్టాల వైపు చూసింది. “మీరు నవ్వింది నాకు జ్ఞాపకం ఉండాది అయ్యవారూ. కానీ బడి మానింది అందుకు కాదు. పెండ్లిచూపులని మా నాయన మాన్పించినాడు. వాళ్ళొచ్చే ముందురోజు మా అత్త తెచ్చిన పొడి పూస్తే ఇట్టా కాలింది” అన్నది. తరువాత కూతురి వైపు చూపి, “దీనికీ మొదలైంది. నెల్లూరులో లేడీ డాక్టరు దగ్గరికి పోతుండాం. పరీక్షలు రాసినారు” అన్నది.

ఆ అమ్మాయి ముఖానికి ఏ చెంగూ అడ్డం పెట్టుకోలేదు. సెల్‌ఫోనులో ఏదో చదువుకుంటున్నది. బండి వచ్చింది, ఎక్కి పోయారు. నన్ను క్షమించినట్టో లేదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ టపా చదివేవారిలో ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే ఒక మనవి. మీ తరగతిలోనూ లెక్క ప్రకారం ఒకరో ఇద్దరో ఉంటారు. వెనుక బల్ల నుండి ఎవడైనా నవ్వితే అక్కడే పాఠం ఆపి, అధివృక్క గ్రంథి అంటే ఏమిటో ఐదు నిమిషాలు చెప్పండి. శ్మశ్రువు పర్యాయపదాలు మరునాడు చెప్పుకోవచ్చు.