దున్నపోతు సత్తువకు దాణాయే మందు
హార్మోన్ సూదులతో మేలు కంటే చేటే ఎక్కువ

అమలాపురం: కృత్రిమ గర్భధారణ ఊరూరా విస్తరించినా కోనసీమ లంక గ్రామాల్లో విత్తనపు దున్నపోతు అవసరం తీరిపోలేదు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. యజమాని గుర్తించలేని ఎదను దున్న పసిగడుతుంది. స్థానిక పశువులను ముర్రా దున్నలతో దాటించగా రూపుదిద్దుకున్నదే గోదావరి గేదె. విత్తనపు దున్నలో వీర్యపటుత్వం తగ్గితే నష్టం ఒక్క ఇంటితో ఆగదు. చూలు నిలవని గేదె తిరిగి ఎదకు రావడానికి సుమారు 21 రోజులు పడుతుంది. అన్ని రోజులూ మేత ఖర్చు రైతు పైనే పడుతుంది.

సూది ఎందుకు వికటిస్తుంది?
దున్న చురుకుగా లేదని కొందరు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయిస్తుంటారు. మెదడులోని హైపోథాలమస్ ఆదేశంతో పీయూష గ్రంథి రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది. అవి వృషణాలను పనిచేయిస్తాయి. టెస్టోస్టిరాన్ బయటి నుంచి చేరితే రక్తంలో అది చాలినంత ఉందని మెదడు భావించి ఆదేశాలను తగ్గిస్తుంది. ఫలితంగా వృషణాల్లో వీర్యకణాల తయారీ మందగిస్తుంది. పశువు పైకి ఉషారుగా కనిపించినా గేదెలు తిరగపొర్లుతూనే ఉంటాయి. జీఎన్‌ఆర్‌హెచ్, హెచ్‌సీజీ వంటి హార్మోన్లను లోపం నిర్ధారణ అయ్యాక పశువైద్యులు మాత్రమే వాడాలి.

చేపల హేచరీల్లో మగ చేపకు హార్మోన్ ఇవ్వడం చూసి దానిని పశువులకు అన్వయించుకోరాదు. అక్కడ అప్పటికే పక్వమైన వీర్యాన్ని సకాలంలో విడుదల చేయించడానికే సూది వేస్తారు. దున్నలో కొరవడినది వీర్యకణాల ఉత్పత్తే అయినప్పుడు విడుదల చేయించి ప్రయోజనం లేదు.

మేతలోనే మూలం
వరిగడ్డితోనే కడుపు నింపే పశువులో మాంసకృత్తులు, భాస్వరం, విటమిన్-ఏ లోపిస్తాయి. విటమిన్-ఏ కొరవడితే వీర్యకణాలు సరిగా తయారుకావు. జింకు, సెలీనియం, విటమిన్-ఇ వీర్యకణాల ఎదుగుదలకు, వాటి రక్షణకు తోడ్పడతాయి. పచ్చిగడ్డి, తవుడు, స్థానికంగా దొరికే కొబ్బరి చెక్క, రోజుకు సుమారు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. సెలీనియం మోతాదు మించితే విషమవుతుంది కనుక విడిగా కొని పెట్టరాదు. పత్తి గింజల చెక్కలోని గాసిపాల్ వీర్యోత్పత్తికి హాని చేస్తుంది. విత్తనపు పశువుకు దానిని అధికంగా పెట్టరాదు. అలాగని కొవ్వు పట్టేలా మేపినా దాటడానికి బద్ధకిస్తుంది.

అశ్వగంధ, దూలగొండి, పల్లేరు వంటి మూలికలను సంప్రదాయ వైద్యంలో వాడుతున్నారు. మేత లోపాన్ని మాత్రం అవి పూడ్చలేవు.

ఎండదెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది
వృషణాల ఉష్ణోగ్రత శరీరం కంటే 2 నుంచి 6 డిగ్రీలు తక్కువగా ఉంటేనే వీర్యం చక్కగా తయారవుతుంది. నల్లని చర్మం, తక్కువ స్వేదగ్రంథులు ఉన్న దున్న ఎండను తట్టుకోలేదు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేశాక పొర్లాడే నీరు కరవవుతుంది. ఆ రోజుల్లో కొబ్బరి తోటల నీడన కట్టి, పూటకు రెండుసార్లయినా నీళ్లతో తడపాలి. వీర్యకణం తయారై బయటకు రావడానికి ఒకటిన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అందువల్ల మే నెల ఎండ ప్రభావం జూన్, జులైల్లో కనిపిస్తుంది. మేత మార్చిన ఫలితం కోసం కూడా రెండు నెలలు ఆగాలి.

పరీక్ష ముందు, మందు తర్వాత
దున్న దాటిన గేదెలు వరుసగా తిరగపొర్లితే ముందుగా పశువైద్యునితో వృషణాల పరిమాణం, వీర్యకణాల కదలిక పరీక్షించాలి. బ్రూసెల్లా కోసం రక్తపరీక్ష తప్పనిసరి. ఈ వ్యాధి గేదెల్లో గర్భస్రావాలకు కారణమవుతుంది, మనుషులకూ సోకుతుంది. ఏ టానిక్కూ దీనిని నయం చేయదు. వ్యాధి తేలిన దున్నను దాటించడం వెంటనే ఆపాలి. కృత్రిమ గర్భధారణకు వాడే ఘనీకృత వీర్యానికి కూడా ప్రమాణాలున్నాయి. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలు ఉండాలి, కరిగించిన తర్వాత కనీసం సగం చురుగ్గా కదలాలి.

గేదెలు సాధారణంగా వర్షాకాలం చివరి నుంచి శీతాకాలం వరకు ఎక్కువగా ఎదకు వస్తాయి. సెప్టెంబరు నాటికి దున్న సిద్ధంగా ఉండాలంటే జులైలోనే నట్టల మందు తాగించి, దాణా మెరుగుపరచాలి. సీజన్‌లో వారానికి రెండు మూడు సార్లకు మించి దాటించకుండా విశ్రాంతినివ్వాలి.