మోటుపల్లి రేవు – గణపతిదేవుని అభయశాసనము



నేను నివసించునది హైదరాబాదు నగరమందలి అఫ్జల్‌గంజు. సముద్రమునకును మా పేటకును నూఱు మైళ్లకు మించిన దూరము. మా చెంత పాఱునది మూసీ యొక్కటియే. అయినను నేడు నేను ప్రస్తావింపబూనినది ఒక సముద్రతీర గ్రామమును గూర్చి. మా పేటకును ఆ గ్రామమునకును ఒక చుట్టఱికము కలదు. దానిని ముందుగా మనవి చేసెదను.

ఐదవ నిజామగు అఫ్జలుద్దౌలా 1857 మొదలు 1869 వఱకు రాజ్యము చేసెను. ఆయన ధాన్యవర్తకులకు స్థలమొసగుటచేత ఈ ప్రదేశమునకు అఫ్జల్‌గంజను పేరు వచ్చెను. గంజనగా అంగడి. వర్తకుడు ఊరక ఎచ్చటికిని రాడు. నిలువ నీడయు, ముందుగా తెలిసిన సుంకమును, తన సరకు తనకే దక్కునను నమ్మకమును ఉన్నచోటికే వచ్చును. ఈ సత్యమును అఫ్జల్‌గంజు పుట్టుటకు ఆఱువందల యేండ్లకు పూర్వమే శిలాస్తంభముపై చెక్కించుకొన్న ఊరు మోటుపల్లి.

మా పేటయందే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున్నది. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర స్థాపింపబడినది ఇదియే. ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిన పిదప నేనచ్చట శాసన సంపుటములను చదువుచుండగా మోటుపల్లి శాసనపాఠము కంటబడెను. చదివిన మాటను శిలపై చూడవలెనను కోరిక బలపడగా, నాంపల్లిలో రైలెక్కి చీరాలలో దిగి, వేటపాలెము మీదుగా ఆ ఊరు చేరితిని.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోని చినగంజాము మండలములో నొక పల్లె. తాళ్లును, సరుగుడు తోటలును, ఇసుక దిబ్బలును, వలలును – ఆ తీరమంతయు ఇట్లే యుండును. చినగంజాము ప్రాంతమున ఉప్పుమళ్లు విస్తారముగా కలవు. ఒకప్పుడు చీనాకర్పూరము దిగిన రేవిదియేనని చెప్పినగాని క్రొత్తవాడు గ్రహింపజాలడు. ఊరిలో వీరభద్రాలయమున్నది. దాని మండపస్తంభముపై నున్నదే కాకతి గణపతిదేవ చక్రవర్తి అభయశాసనము. శకవర్షము 1166, క్రోధి సంవత్సరము, అనగా క్రీ. శ. 1244–45.

గణపతిదేవుడు ఓరుగల్లు రాజధానిగా 1199 మొదలు 1262 వఱకు ఏలెను. కొండనేలలలో పుట్టిన రాజ్యము ఆయన కాలమున సముద్రమును ముట్టెను. కడలి చేతికి వచ్చిన పిదప ఆయన చేసిన కార్యములలో ముఖ్యమైనది ఈ శాసనము. ఇందు రాజవంశస్తుతి సంస్కృతమున నున్నది. సుంకముల లెక్క తెలుగున నున్నది. కీర్తి పండితులు చదువదగినది. లెక్క వర్తకులు చదువదగినది. ఎవరికి కావలసినది వారి భాషలో చెప్పుట పరిపాలనమందు మొదటి నీతి. ఊరికి దేశ్యుయ్యక్కొండపట్టణమను నామాంతరము కలదనియు ఈ శాసనము తెలుపుచున్నది.

శాసనమందలి సారము నా మాటలలో చెప్పెదను. పూర్వరాజులు, ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బయలుదేఱిన ఓడలు గాలివానకు చిక్కి పగిలి ఒడ్డున పడినచో, వానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగా హరించుచుండెడివారు. ప్రాణముకంటె ధనమే మిన్న యని సాహసించి సముద్రయానము చేయు వర్తకులయెడ దయతో, కీర్తికొఱకును ధర్మముకొఱకును, గణపతిదేవుడు నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచెను. ఎగుమతులపైనను దిగుమతులపైనను సుంకము ముప్పదింట నొకటి. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, తగరము, పట్టుదారము, పగడములు, మిరియాలు, పోకలు – వీనిలో దేనిపై ఎంతయో విడివిడిగా చెక్కించెను. సుంకరి నోటిమాటకు చోటులేదు. చదువ నేర్చినవాడెవడైనను కంబము కడకుపోయి లెక్క సరిచూచుకొనవచ్చును.

ఓడ పగులుట యనగా ఏమో తలపుడు. ఒక వర్తకుడు ఇల్లు తాకట్టుపెట్టి, పదిమంది సొమ్ము కూర్చి, ఆఱు నెలలు అలలపై గడపినాడు. తుపాను వచ్చినది. కొందఱు మునిగిరి, కొందఱు కొయ్యముక్క పట్టుకొని ఒడ్డు చేరిరి. వెనుకనే కొన్ని మూటలు కొట్టుకొని వచ్చినవి. సముద్రము విడిచిన ఆ మూటలను ఒడ్డున నిలిచిన రాజభటుడు పట్టుకొనుచున్నాడు. గణపతిదేవుడు వారించినది ఈ రెండవ తుపానును.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ ధర్మము మునుపే కలదు. గాలికి చెదరి వచ్చిన నావను నావధ్యక్షుడు తండ్రివలె ఆదరింపవలెననియు, నీట తడిసి చెడిన సరకునకు సుంకము మాన్పుటయో సగము చేయుటయో కర్తవ్యమనియు అందు విధింపబడెను. శాస్త్రమున నున్నంతమాత్రమున లోకమున నడచునని చెప్పరాదు. నడపువాడు కావలెను.

ఈ దుర్నయము మన దేశమునకే పరిమితమైనది కాదు. ఇంగ్లండులో 1275లో, అనగా మోటుపల్లి శాసనమునకు దాదాపు ముప్పదియేండ్ల తరువాత, ఒక చట్టము చేయబడెను. మునిగిన ఓడనుండి మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో అది దిక్కులేని సొత్తు కాదనియు, ఏడాదిమీద నొకదినములోపల యజమాని వచ్చి నిరూపించుకొన్నచో ఆ సొత్తు అతనికీయవలెననియు దాని తాత్పర్యము. ఇంత విపులముగా చట్టము చేయవలసి వచ్చెననగా అచ్చటి దోపిడి యెంతటిదో ఊహింపవచ్చును.

గణపతిదేవుడు కేవలము దయాళువే కాడు, లెక్క తెలిసిన ప్రభువు. పగిలిన ఓడను దోచిన రాజునకు ఒక్కమాఱు ఒక్క ఓడ సరకు చిక్కును. ఆ వార్త పది రేవులకు ప్రాకి, మఱునాటినుండి నూఱు ఓడలు మొగము త్రిప్పుకొనును. ముప్పదింట నొకటి పుచ్చుకొన్న రాజునకు ఏటేట ఆదాయమువచ్చును. పాడియావును పితుకువాడును కోయువాడును ఒకటేనా? మన పెద్దలకు ఈ భేదము నేను విప్పిచెప్ప నక్కఱలేదు.

ఆ నమ్మకము ఫలించెను. వెనీసు యాత్రికుడు మార్కోపోలో పదమూడవ శతాబ్దాంతమున వర్ణించిన ముత్ఫిలి రాజ్యము మోటుపల్లి రేవునుబట్టి పేరొందినదే యని చరిత్రకారులందురు. అచ్చట ఒక రాణి న్యాయముతో నలువదియేండ్లు పాలించినదనియు, అచ్చటి సన్నని వస్త్రములు సాలెగూటివలె నుండుననియు అతడు వ్రాసెను. ఆ రాణి రుద్రమదేవియే. అయితే ఆమె మృతుడైన రాజునకు భార్య యని అతడు వ్రాసినది పొరపాటు. ఆమె గణపతిదేవుని కూతురు. మఱియు నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనమునుబట్టి ఆమె 1289 నాటికే గతించెను. యాత్రికుని మాటను శాసనముతో ఒరసి చూడవలెను. వస్త్రముల మాట మాత్రము చీరాల, వేటపాలెముల మగ్గములు చూచినవారికి నమ్మశక్యమే.

1323లో ఓరుగల్లు పడెను. రాజ్యముతోపాటు రేవును చెడెను. పిమ్మట రెడ్డిరాజగు అనవోతారెడ్డి 1358లో ముకుళపురమను పేర ఇచ్చటనే మఱల అభయమిచ్చెను. ఆ శాసనము సంస్కృతము, తెలుగు, తమిళము – మూడు భాషలలో నున్నది. తమిళదేశపు వర్తకులకును తెలియవలయునుగదా! వచ్చి కాపురముండువారికి భూమి యిత్తుననెను, పోదలచినచో ఆపననెను, సంతులేక చనిపోయినవాని సొత్తు రాజు హరించు ఆచారమును మాన్పెను. తరువాతి తరమున, శ్రీనాథుడు హరవిలాసమును అంకితము చేసిన అవచి తిప్పయసెట్టి సింహళపు ఏనుగులను, హురుముంజి గుఱ్ఱములను, చీనా పట్టును తెప్పించిన ఘనుడు. ఒక రాజు మాట చెడినను, మఱియొకరాజు దానిని నిలిపినచో వర్తకము మరల చిగుర్చునని దీనివలన తెలియుచున్నది.

తుదకు ఓడలు బండ్లయ్యెను. రేవు ఇసుకతో పూడెను, మచిలీపట్నము తలయెత్తెను, 1611లో ఇంగ్లీషువారు దిగినది అచ్చటనే. ఇట్టి గతి సముద్రగ్రామములకు లోకమంతటను కలదు. అమెరికా తూర్పుతీరమున నాన్‌టకెట్టను దీవి తిమింగలముల వేటచే ప్రసిద్ధికెక్కెను. ఆ చేపనూనెతో (తిమింగలము నిజమునకు చేప కాదు, పాలిచ్చు జంతువు) దేశదేశముల దీపములు వెలిగెను. రేవుముఖమున ఇసుకతిప్ప అడ్డుపడి పెద్ద ఓడలు చొరరాకపోయెను, 1859 నుండి పెన్సిల్వేనియాలో భూమినుండి నూనె తోడసాగిరి, వేట సన్నగిల్లెను. అక్కడివారు ఆ వేటపనిముట్లను, ఓడల దినచర్యలను భద్రపఱచి, దూరదేశస్థులకును చూపుచున్నారు. మోటుపల్లి కథ హింసతో కూడినది కాదు, అభయముతో కూడినది. దానిని మనమెంత భద్రపఱచుచున్నాము?

వేటపాలెములో 1918 నుండి సారస్వత నికేతనమను గ్రంథాలయమున్నది. ఒక చిన్నయూరివారు పూని పుస్తకములను నిలుపగలిగిరి. శిలలను నిలుపుట అంతకంటె కష్టము కాదు. మీ ఊరి గుడిలోనో, చెఱువుగట్టుననో అక్షరములున్న ఱాయి తప్పక యుండును. దానికి సున్నము పూయనీయకుడు. దానిపై కత్తులు నూఱనీయకుడు. మెట్లకును అరుగులకును వాడనీయకుడు. చదువలేకపోయినచో పురావస్తుశాఖవారికి ఒక ఉత్తరము వ్రాయుడు. ఆ ఱాతిపై నున్నది మీ పూర్వులకు ఏలికయిచ్చిన మాట. ఊరు మారవచ్చును, సముద్రము తొలగవచ్చును. మాట నిలిచియున్నంతవఱకు, దానినిబట్టి నేటి పాలకులను అడుగుటకు మనకు అధికారముండును.