అంగడి గుర్తులు, పనివారి ముద్రలు

అమెరికా తూర్పుతీరమునందలి మ్యూజియములలో రెండు విధములైన పాతవస్తువులు తఱచుగా ఒకే కప్పు క్రింద కనిపించును. మొదటివి అంగళ్ళ ముందు వ్రేలాడిన గుర్తులు: మనిషంత బూటు, బండిచక్రమంత కళ్ళజోడు, రంగులు పూసిన చెక్కమనిషి. రెండవవి ఆ అంగళ్ళ వెనుక గదులలో చేతులరాపిడికి అరిగిన పనిముట్లు: చిత్రికలు, బాడిసలు, ఉలులు, రంపములు. చూడవచ్చినవారు మొదటివానియొద్ద నిలుతురు, రెండవవానిని దాటిపోవుదురు. గుర్తు పుట్టినదే కంటిని పట్టుటకు కావున ఇందు వింత లేదు. కాని ఆనాటి పనివానిని ఎఱుగగోరువారు ఈ రెండింటిని కలిపి చదువవలెనని మా అభిప్రాయము. అంగడిగుర్తు అమ్ముడుపోవు వస్తువును చెప్పును. చేసినవాడెవడో చెప్పునది, చెప్పినప్పుడు, పనిముట్టు.

ముందుగా గుర్తుల సంగతి. 17, 18 శతాబ్దములలో బోస్టను, ఫిలడెల్ఫియా వంటి పట్టణములలో చాలకాలము ఇండ్లకు నంబరులు లేవు. ఫలానా గుర్తుగల ఇల్లు అనియే చిరునామా. బెంజమిను ఫ్రాంక్లిను తండ్రి జోసయా బోస్టనులో పశువుల క్రొవ్వుతో వత్తులును సబ్బును చేసి అమ్ముచుండెను. ఆయన అంగడికి గుర్తు నీలిరంగు గోళము. 1698 అను సంవత్సరము గల ఆ గోళము బోస్టనులో నేటికిని భద్రపరుపబడియున్నది. నీలిగోళమునకును కొవ్వొత్తికిని సంబంధమేమని అడిగిన, ఏమియు లేదు. అది కొండగుర్తు, అంతే.

ఈ గుర్తులన్నియు చదువురానివారికొఱకే పుట్టినవని చెప్పుట పరిపాటి. అది సగమే నిజము. న్యూ ఇంగ్లండులో బైబిలు చదువుటకై పిల్లలకు అక్షరములు నేర్పు ఆచారము బలముగా నుండెను. 18వ శతాబ్దము ముగియునప్పటికి అచటి తెల్లజాతి పురుషులలో అత్యధికులు సంతకము చేయగలవారే. అయినను గుర్తులు తగ్గలేదు, పెరిగినవి. ప్రొద్దుగ్రుంకువేళ ఊరు చేరిన బండివానికి, రేవున దిగిన పరదేశి నావికునకు, ఇంగ్లీషు రాని జర్మను వలసవానికి అక్షరముకంటె బొమ్మ ముందుగా అందును.

పూటకూటి ఇండ్ల విషయమున గుర్తు వర్తకుని ఇష్టము కాదు, చట్టము. బాటసారులకు కనబడునట్లు గుర్తు కట్టి తీరవలెనని కనెక్టికట్ వలసరాజ్యము 1672లో శాసించెను. ఆ రాష్ట్రపు పాత పూటకూటి ఇండ్ల పలకలు 60కి పైగా హార్ట్‌ఫర్డు నగరమున ఒక్కచోట చేర్చబడియున్నవి. వానిలో సింహములు, గ్రద్దలు, ఎద్దులు, గుఱ్ఱపుబండ్లు కలవు. చాలవానిపై ఒకటికంటె ఎక్కువ పేర్లును ఎక్కువ సంవత్సరములును కనిపించును. ఇల్లు చేతులు మాఱినప్పుడు క్రొత్త యజమాని పలకను పాఱవేయక, పాత బొమ్మమీదనే క్రొత్త బొమ్మ వ్రాయించెడివాడు. చెక్కకు ఖర్చు, ఇనుప చట్రమునకు ఖర్చు, రంగు చౌక.

రాజ్యము మాఱినప్పుడును ఇదియే ఉపాయము. వాషింగ్టను ఇర్వింగు 1819లో ప్రకటించిన రిప్ వాన్ వింకిల్ కథలో నాయకుడు 20 ఏండ్లు నిదురించి లేచి ఊరు చేరును. పూటకూటి ఇంటి గుర్తుపై జార్జిరాజు ముఖము ఉన్నది ఉన్నట్లే ఉండును. ఎఱ్ఱకోటు మాత్రము నీలికోటు అయినది; చేతి రాజదండము కత్తి అయినది; క్రింద జనరల్ వాషింగ్టను అని వ్రాయబడినది. కథ కల్పితమే కాని, పలకలపై రంగుపొరలను చూచినవారికి అది కల్పనగా తోపదు.

ఈ బొమ్మలు వ్రాసినవారు అందఱును అనామకులు కారు. పెన్సిల్వేనియాకు చెందిన ఎడ్వర్డు హిక్సు (1780–1849) 13వ ఏట బండ్లు చేయువారియొద్ద పనికి కుదిరి, బండ్లకును గుర్తులకును రంగులు వేసి జీవించెను. సింహమును గొఱ్ఱెపిల్లయు ఒక్కచోట మెలగు శాంతిరాజ్యమును ఆయన 60కి పైగా పటములలో చిత్రించెను. నేడు ఆ పటములే ఆయన కీర్తి. ఇంటివారికి కూడు పెట్టినది మాత్రము గుర్తుల పని.

గుర్తును గూర్చి ఫ్రాంక్లిను చెప్పిన హాస్యకథ యొకటి కలదు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాను కాంగ్రెసు సభ్యులు అచ్చటచ్చట కొట్టివేయుచుండగా జెఫర్సను నొచ్చుకొనుచు కూర్చుండెను. ప్రక్కనున్న ఫ్రాంక్లిను ఆయనకు ఈ కథ చెప్పెనట. తరువాత జెఫర్సనే దీనిని వ్రాసియుంచెను. టోపీలుచేయు జాన్ థాంసను అనువాడు అంగడి పెట్టబోవుచు, తాను టోపీలవాడననియు, టోపీలు చేసి రొక్కమునకు అమ్ముదుననియు వ్రాయించి, క్రింద టోపీబొమ్మ వేయింపదలచెను. మిత్రులకు చూపెను. టోపీలు చేయుననిన తరువాత టోపీలవాడనుట దేనికని ఒకడు ఆ మాట తీసివేయించెను. రొక్కమునకనుట వ్యర్థము, ఈ ఊర అరువిచ్చు వాడుక లేదని మరియొకడు. ఊరక ఇత్తువని ఎవడనుకొనును, అమ్ముననుట ఏలయని ఇంకొకడు. బొమ్మ ఉండగా టోపీ అను మాట మాత్రమేల? తుదకు జాన్ థాంసను అను పేరును, టోపీ బొమ్మయు మిగిలినవి.

ఈ కథ చదువునప్పుడు మాకు నవ్వుకంటె ఒక మిత్రుని వాదము ఎక్కువగా మనసున నిలుచును. చేయును అను మాటను అతడు కొట్టివేయించినది ఎందుకు? కొనువారికి టోపీ బాగున్న చాలును, ఎవరు చేసిరను చింత వారికి లేదని. అంగడిగుర్తుల చరిత్ర అంతయు ఆ మాటలో ఉన్నది.

మందులవాని కల్వము, చెప్పులవాని బూటు, కళ్ళజోళ్ళవాని పెద్ద అద్దములు చూచినంతనే తెలియును. మంగలి అంగడి చారలకంబమునకు మాత్రము కొంత వివరణము కావలెను. పూర్వము యూరపులో మంగలులే చెడురక్తము తీయు వైద్యమును చేసెడివారు. రోగి నరము ఉబ్బుటకై కఱ్ఱను గట్టిగా పట్టుకొనెడివాడు. ఎఱుపు రక్తము, తెలుపు కట్టుగుడ్డ. అమెరికాలో నీలము కూడ చేరి, జాతీయపతాకపు రంగులు మూడును పూర్తియైనవి.

గడియారములవాని గుర్తు పెద్ద జేబుగడియారము. దానిలో ముండ్లు కదలవు, రంగుతో వ్రాసినవే. చాలవానిలో 8 గంటల 20 నిమిషముల ప్రాంతమును చూపుచుండును. అది లింకను మరణించిన సమయమని జనశ్రుతి. లింకనుపై కాల్పు జరిగినది 1865 ఏప్రిల్ 14 రాత్రి 10 గంటలు దాటిన తరువాత. ప్రాణము పోయినది మఱునాటి ఉదయము 7 గంటల 22 నిమిషములకు. పైగా అంతకు పూర్వపు గుర్తులును అట్లే యుండెను. ముండ్లు రెండును క్రిందికి చెఱియొక ప్రక్కకు వ్రాలియున్న పైభాగమున అంగడివాని పేరు వ్రాయుటకు చోటు చిక్కును. కారణము ఇంత చిన్నది.

ఇక పొగాకు అంగడి ముందు నిలుచు చెక్కబొమ్మ. దానిని వారు సిగార్ స్టోర్ ఇండియన్ అందురు. ఈ ఇండియనుతో మనకు సంబంధము లేదు. కొలంబసు దారితప్పి మన పేరును ఆ ఖండపు ఆదిమజాతులకు అంటగట్టెను. పొగాకు వాడుకను యూరపువారు ఆ జాతులవలన నేర్చిరి. 17వ శతాబ్దమున లండను అంగళ్ళలో పొగాకుటాకుల లంగోటియు ఈకల కిరీటమును గల నల్లని చిన్నబొమ్మలు వెలసినవి. చెక్కినవారు ఆదిమజాతివానిని చూచియుండలేదు. ఆఫ్రికా బానిసను, అమెరికా వేటగానిని ఒక్కటిగా కలిపివేసిరి. 19వ శతాబ్దమున ఆవిరియోడలు, ఇనుపయోడలు వచ్చి తెరచాపయోడల ముందుభాగపు బొమ్మలకు గిరాకి పోగా, ఆ శిల్పులు తెరచాప కొయ్యలకు వాడు పైను చెక్కతోనే ఈ బొమ్మలను చెక్కసాగిరి. వారిలో ప్రసిద్ధుడు శామ్యూల్ రాబ్ (1851–1928). 1876 నుండి న్యూయార్కు కెనాల్ వీథిలో అతని కర్మశాల నడచెను. సర్కసుబండ్ల శిల్పములును అచటనే తయారైనవి.

అతని పనితనము గొప్పదే. ఐనను ఆదిమజాతులవారు తమ భూములనుండి తఱుమబడుచుండిన కాలముననే వారి బొమ్మ చుట్టలు అమ్ముచు ప్రతి ఊరి వీథిలోను నిలిచియుండుట చూచిన, శిల్పమును మెచ్చుకొనుచునే మనసు చివుక్కుమనును. ఆ జాతులవారు నేడు ఈ బొమ్మలను అవమానముగా భావించుట అకారణము కాదు. కాలిబాటకు అడ్డమని పురపాలకశాసనములు వచ్చి, విద్యుద్దీపముల పలకలు వచ్చి, 20వ శతాబ్దారంభమున ఈ బొమ్మలు తొలగినవి. ఎలెక్ట్రా హావ్‌మేయర్ అను ధనిక యువతి 1907లో అట్టి బొమ్మ నొకదానిని కొని ఇంటికి తెచ్చినప్పుడు, ఫ్రెంచి చిత్రకారుల పటములు సేకరించు తల్లి విస్తుపోయెనట. ఆ కూతురే 1947లో వెర్మాంటునందు షెల్‌బర్ను మ్యూజియమును స్థాపించెను.

వీథిని విడిచి వెనుకగదికి పోవుదము. అచట బల్లపై జానకంటె కొంచెము పెద్దదైన చెక్కచిత్రిక కలదు. తలుపులకు, దూలములకు అంచుల నగిషీ తీయునది. ఒక్కొక్క నగిషీకి ఒక్కొక్క చిత్రిక కావలెను. దాని అడుగుభాగమును లోని ఇనుపపలుగును ఆ ఆకారమునకే కోయబడియుండును. పలుగును బిగించుటకు చెక్కమేకు. న్యూ ఇంగ్లండువారు తొలుత దీనిని పసుపు బర్చి చెక్కతో చేసిరి, తరువాత బీచి చెక్కతో. ముందుకొనపై ఉక్కుముద్రతో కొట్టిన అక్షరములు ఉండును. అది చేసినవాని పేరు. ప్రక్కనే అడ్డదిడ్డముగా మరిరెండు మూడు పేర్లు ఉండిన, అవి తరువాత దానిని వాడిన వడ్రంగులవి.

అమెరికాలో పేరు తెలిసిన చిత్రికల పనివారిలో మొదటివాడు మసచూసెట్సునందలి రెంథాము గ్రామపు ఫ్రాన్సిసు నికల్సను (1683–1753). ఆయనకు సీజరు చెలరు అను నల్లజాతి బానిస యుండెను. 1753లో నికల్సను మరణించినప్పుడు వీలునామావలన చెలరునకు దాస్యవిముక్తి కలిగెను. దానితోపాటు పనిబల్ల, పెట్టె, చిత్రికలు చేయుటకు అతడు వాడుచుండిన పనిముట్లు, కొంత కలప సంక్రమించినవి. వాడుచుండిన పనిముట్లనుటలోనే ఒక సాక్ష్యమున్నది. విముక్తికి పూర్వమే అతడు యజమాని కర్మశాలలో ఆ పని చేయుచుండెను.

అటుపిమ్మట చెలరు 1784లో చనిపోవువఱకు రెంథాములోనే స్వతంత్రముగా చిత్రికలు చేసెను. వానిపై ముద్ర మూడు వరుసలు: సీజరు సంక్షిప్తముగా, చెలరు పూర్తిగా, క్రింద రెంథాము నివాసి యని. నివాసి యను మాట అతడు కల్పించినది కాదు, నికల్సను ముద్రలోనిదే. యజమాని దానిని ఊరి గుర్తుగా వాడెను. నిన్నటివఱకు ఒకరి ఆస్తిగా లెక్కింపబడినవాడు అదే మాటను తన పేరు క్రింద కొట్టుకొనునప్పుడు దాని బరువు వేఱని మేము తలంతుము. టోపీలవాని మిత్రులు ఈ ముద్రను చూచిన దేనిని కొట్టివేయింపగలరు? ఆఫ్రికా సంతతివారిలో ఆధారముతో పేరు తెలిసిన మొదటి పనిముట్ల నిర్మాత ఇతడే.

గొడ్డలిని గూర్చి ఒక్కమాట. యూరపునుండి వచ్చిన గొడ్డలికి ముందు వాదరయే కాని వెనుక బరువు లేదు. దెబ్బ ప్రక్కకు జాఱును. అడవులు కొట్టవలసిన అమెరికా కమ్మరులు 18వ శతాబ్దమున వెనుకమొనను మందము చేసి, వాదరను పొట్టిగా చేసి, బరువు సరితూచిరి. ఇంత గొప్ప మార్పు తెచ్చిన కమ్మరి ఎవడో ఏ ముద్రయు చెప్పదు. ఒకడు కాడు, ఎన్నో కొలిములవారు.

19వ శతాబ్దమున యంత్రములును ఇనుప చిత్రికలును వచ్చి చెక్కపనిముట్లు అటకలెక్కినవి. పెన్సిల్వేనియాలోని డోయిల్స్‌టౌనుకు చెందిన హెన్రీ మెర్సరు (1856–1930) పురాతత్త్వవేత్త. 1897లో పొయ్యి పట్టుకారునకై పాతసామానుల కుప్ప వెదకుచుండగా, త్రవ్వి తీయు రాతిపనిముట్లకంటె ఈ కుప్పయే త్వరగా మాయమగుచున్నదని ఆయనకు తోచెను. నాటినుండి ఊరూర సేకరించి, 1916 నాటికి సిమెంటు కాంక్రీటుతో ఎత్తైన భవనము కట్టించి వానిని అందుంచెను. 1929లో ప్రాచీన వడ్రంగుల పనిముట్లపై గ్రంథము ప్రకటించెను. ఆ భవనమున బండ్లు, తిమింగలపు వేటపడవ కూడ కప్పునుండి వ్రేలాడును.

చెలరు చిత్రికలు నేడు కలోనియల్ విలియమ్స్‌బర్గు సేకరణలోను, వాషింగ్టనులో 2016లో తెఱచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల మ్యూజియములోను ఉన్నవి. పాతపనిముట్లు కొనువారికి తెలిసినవారు చెప్పు మొదటి జాగ్రత్త, చిత్రిక ముందుకొనను గరుకుకాగితముతో రుద్దవద్దని. అచటి అక్షరములు లోతైనవి కావు. దీపమును ప్రక్కనుండి పట్టినప్పుడే తేటపడును.