చెరువు గట్టు మీద మాన్యువల్: జేబు పుస్తకం నుంచి ట్యాబ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో అన్‌బాక్సింగ్ లేదు, ముందే చెప్పేస్తున్నా. చరిత్ర ఉంది.

మన కోనసీమలో రొయ్యల చెరువు గట్టు మీద జనరేటర్ విప్పి కూర్చున్న మెకానిక్‌ని ఎప్పుడైనా గమనించారా? ఒక చేతిలో స్పానర్, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్‌లో సర్వీస్ మాన్యువల్ పీడీఎఫ్. రెండు వేళ్లతో పెద్దది చేస్తే అక్షరాలు కనబడతాయి, బొమ్మ పోతుంది. చిన్నది చేస్తే బొమ్మ వస్తుంది, అక్షరాలు చీమలైపోతాయి. ఈలోగా తడి వేలు తగిలి స్క్రీన్ ఇంకేదో పేజీకి దూకేస్తుంది. అవతల కరెంట్ లేదు, ఏరియేటర్లు ఆగిపోయాయి. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతే కొన్ని గంటల్లోనే పంటంతా తేలిపోతుంది. రైతు పక్కనే నిలబడి "అయిందా అబ్బాయ్" అంటుంటాడు.

డిప్లొమా, ఐటీఐ చేసిన తమ్ముళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఫీల్డ్‌లో మాన్యువల్ చదువుకోడానికి ఏ ట్యాబ్ కొనమంటావ్?" ప్రాసెసర్, ర్యామ్ గురించి చెప్తానని వాళ్లు చూస్తారు. నిజానికి ఈ ప్రశ్న ట్యాబ్ కంటే చాలా పాతది.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ డెల్టా పనులన్నిటి గురించి జార్జ్ వాల్చ్ అనే ఇంజనీర్ 1896లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. గొప్ప పుస్తకమే, కానీ బల్ల ముందు కూర్చుని చదవాల్సిన రకం. కాలవ గట్టు మీద నిలబడి తిప్పేది కాదు. అలా తిప్పుకునే పుస్తకం అంతకుముందే, 1860ల్లోనే వచ్చింది. సిలోన్ రైల్వేలో పనిచేసి, తర్వాత భారత ప్రభుత్వానికి రైల్వే కన్సల్టింగ్ ఇంజనీర్ అయిన గిల్ఫర్డ్ మోల్స్‌వర్త్ రాసిన పాకెట్ బుక్. ఫార్ములాలు, కొలతలు, పట్టికలు, అన్నీ జేబులో పట్టే సైజులో. పేజీ ఎంత ఉండాలన్నది అక్కడ జేబే నిర్ణయించింది, ఆ పేజీకి తగ్గట్టు విషయాన్ని కుదించి రాశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అమెరికా సైన్యానికీ ఇదే తలనొప్పి వచ్చింది. ట్రక్కుల మాన్యువల్స్ లావుగా ఉన్నాయి, సైనికులు చదవట్లేదు, బళ్లు పాడైపోతున్నాయి. కొరియా యుద్ధం నడుస్తుండగా 1951లో 'పీఎస్' అని ఒక చిన్న సైజు పత్రిక మొదలుపెట్టారు. బొమ్మలు వేయించడానికి ఎవర్ని పెట్టుకున్నారో తెలుసా? కామిక్స్ వేసే విల్ ఐస్నర్‌ని! గ్రీజు ఎక్కడ పెట్టాలో కామిక్ బొమ్మల్లో చూపించాడు. ఇరవై ఏళ్లు ఆ పని చేశాడాయన. ఇది నాకు బాగా నచ్చిన కథ, వీలైతే విడిగా ఒక ఎపిసోడ్ చేస్తా.

మరి మన ఫోన్‌లో ఇబ్బంది ఎక్కడ మొదలైంది? 1993లో. అడోబీ వాళ్లు పీడీఎఫ్ తెచ్చారు. దాని గొప్పతనం ఏంటంటే కాగితం మీద పేజీ ఎలా ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా అలాగే కనబడుతుంది. ఫీల్డ్‌లో దాని శాపం కూడా అదే. మోల్స్‌వర్త్ జేబుకి తగ్గట్టు పేజీ చేస్తే, పీడీఎఫ్‌లో మాన్యువల్ కంపెనీ ఆఫీసు ప్రింటర్‌కి తగ్గట్టు పేజీ చేసింది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. మీ ఫోన్ వెడల్పు సుమారు 7. అంటే అక్షరం మూడో వంతుకి నలిగిపోతుంది. పది అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే దాదాపు మూడింట రెండు వంతులు వస్తుంది, చదవొచ్చు. 13.3 అంగుళాలైతే ఇంచుమించు కాగితమంత. అందుకే స్కేలు తీసి స్క్రీన్ వెడల్పు కొలవండి అంటాను. ర్యామ్ సంగతి తర్వాత.

2007లో కిండిల్ వచ్చింది, ఆరంగుళాలు. నవలలకి బంగారం, వైరింగ్ డయాగ్రమ్‌కి దండగ. 2009లో 9.7 అంగుళాల కిండిల్ డీఎక్స్ తెచ్చారు, పెద్ద పేజీలు చదివేవాళ్ల కోసమే. ఈ-ఇంక్ తెర మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కాగితంలా కనబడుతుంది, ఛార్జింగ్ రోజుల తరబడి నిలబడుతుంది. కానీ జూమ్ చేస్తే నత్తనడక. పైగా మామూలు ఈ-ఇంక్‌లో రంగులుండవు, ఎర్ర వైరూ పచ్చ వైరూ రెండూ బూడిద రంగే! ఎలక్ట్రికల్ పని చేసేవాడికి అది ప్రమాదం. 2010లో ఐప్యాడ్ వచ్చాక, మరుసటి ఏడాదే అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సుమారు 16 కిలోల కాగితాల సంచి బదులు దాన్ని కాక్‌పిట్‌లో వాడటానికి అనుమతి తెచ్చుకున్నారు. కాక్‌పిట్‌లో ఏసీ ఉంటుంది లెండి, బురద ఉండదు.

బురద చేతుల గురించి ముందే ఆలోచించినవాళ్లూ ఉన్నారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 1990ల్లో వ్యూమ్యాన్ అని నడుముకి కట్టుకునే కంప్యూటర్లు చేశారు. అందులో ఒకటి అమెరికన్ మెరైన్ల బళ్ల తనిఖీ కోసం. కీబోర్డు లేదు, ఒక పెద్ద గుండ్రటి డయల్ పెట్టారు, తొడుగులు వేసుకున్న చేత్తో కూడా తిరిగేలా. ఇవాళ మన ట్యాబ్‌లకి బటన్లే లేవు, గ్రీజు వేలికి, నీటి చుక్కకి తెర తికమకపడుతుంది. ఇంకోటి, ఐపీ67 అని డబ్బా మీద చూసి మురిసిపోకండి. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు. మన చెరువుల్లో చాలావాటివి ఉప్పునీళ్లు.

ఇప్పుడు అసలు కోనసీమ సంగతికి వద్దాం: గ్యాస్. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి మంట లేచింది. ఆర్పడానికి రెండు నెలలు దాటింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఒక కాలమానంలా వాడతారు, "బ్లోఔట్‌కి ముందు, తర్వాత" అని. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి ఊళ్లలో రిగ్ మీదో, గ్యాస్ స్టేషన్‌లోనో పనికి వెళ్లే కుర్రాడు మాన్యువల్ చూడ్డానికి జేబులోంచి మామూలు ఫోన్ తీయకూడదు. బ్యాటరీలోనో సర్క్యూట్‌లోనో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

ఈ జ్ఞానం కూడా ఊరికే రాలేదండి. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లో సెంఘెనిడ్ బొగ్గు గని పేలి 439 మంది కార్మికులు పోయారు. గనిలో సిగ్నల్ ఇచ్చే కరెంటు గంట నుంచి వచ్చిన నిప్పురవ్వ మీద అనుమానం పడింది. ఆ తర్వాత జరిగిన పరిశోధనల నుంచి ఒక ఆలోచన గట్టిపడింది: పరికరంలో ఏ లోపం వచ్చినా గ్యాస్‌ని అంటించేంత శక్తి బయటికి రాకుండా సర్క్యూట్‌నే బలహీనంగా కట్టాలి. దాన్నే ఇంట్రిన్సిక్ సేఫ్టీ అంటారు. ఈరోజు అలా తయారైన ట్యాబ్‌లు ఉన్నాయి, మామూలు వాటికంటే చాలా ఖరీదు, చూడ్డానికి పాత మోడల్‌లా ఉంటాయి. మన దేశంలో ఆయిల్ బావుల్ని కూడా చట్టం గనులుగానే చూస్తుంది, అందుకే అక్కడ గనుల భద్రత డైరెక్టరేట్ నియమాలు నడుస్తాయి. రబ్బరు కవర్ తొడిగిన రగ్గ్‌డ్ ఫోన్ వేరు, ఇది వేరు. రెండిటినీ ఒకటే అని అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి. సర్టిఫికెట్ లేకపోతే కావాల్సిన పేజీలు ప్రింట్ తీసుకుని వెళ్లండి. కాగితానికి నిప్పురవ్వ రాదు.

చివరిగా నెట్. 2022 మే నెలాఖర్లో అమలాపురం గొడవల తర్వాత మన దగ్గర ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు, గుర్తుందిగా? వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి వెళ్లడం పేపర్లలో కూడా వచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు మాన్యువల్‌ని లాగిన్ వెనక పెడుతున్నాయి, డౌన్‌లోడ్ ఇవ్వవు. తుపానొచ్చి టవర్లు పడిపోయిన రాత్రే జనరేటర్లు ఎక్కువ మొరాయించేది, ఆ రాత్రే లాగిన్ అవ్వదు. కొనేముందు షాపులోనే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మీ మాన్యువల్‌లో 300వ పేజీ తెరుచుకుంటుందో లేదో చూడండి.

కాబట్టి తమ్ముడూ, చెరువుల మీద, పంపుల మీద పనైతే రంగులున్న పది అంగుళాల మామూలు ట్యాబ్, పైన జిప్ కవర్, మెమరీ కార్డులో ఫైళ్లు. ఎండలో గంటలకొద్దీ చదివే పనైతే పెద్ద ఈ-ఇంక్. గ్యాస్ దగ్గరైతే కంపెనీ ఇచ్చిందే, లేదా కాగితం. వచ్చే ఎపిసోడ్ గన్నవరం అక్విడక్ట్ మీద. ఉంటానండి.