ఇనప చెయ్యి లేని విలన్

నెగడులో ఇంకో రెండు పుల్లలు వేసి ఇటు జరగండర్రా, మంచు దిగుతోంది. చిన్నమ్మడూ, పొద్దున నువ్వు కంప్యూటర్లో ఓ విలన్ బొమ్మ వేసి చూపించావే, ఒంటినిండా ఇనుమూ తుపాకులూ ఉన్నవాడు! వాణ్ణి చూసినప్పటి నుంచీ నీకో పాత ముచ్చట చెప్పాలని ఉంది.

మద్రాసులో నేను మేకప్ పని చేస్తున్న రోజులవి. విలన్ అనగానే చెంప మీద గాటు, ఒక కంటికి నల్లగుడ్డ, బుగ్గన పులిపిరి, మెడలో రుమాలు. డైరెక్టరుగారు "ఇంకా భయంకరంగా ఉండాలయ్యా" అంటే ఇంకో గాటు పెట్టేవాళ్లం. అలాంటి కాలంలో చూశాను 'రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్'. స్పీల్‌బర్గ్ డైరెక్షను, కథ వెనక జార్జ్ లూకస్. 1981లో వచ్చింది. ఇండియానా జోన్స్ సినిమాల్లో మొదటిది అదే. అందులో టోట్ అని ఒక నాజీ ఉంటాడు. నల్ల కోటు, నల్ల టోపీ, గుండ్రటి కళ్లద్దాలు, చెమట పట్టిన మెత్తటి మొహం. మొహాన గాటన్నది లేదు, గొంతు పెంచడు. మెల్లగా ఇకిలిస్తూ దగ్గరికొస్తాడు. అంతే, నాకు ఒళ్లు జలదరించింది.

వాణ్ణి మొదట అనుకున్న తీరే వేరని చాలా ఏళ్లకు తెలిసింది. ఒక చెయ్యి యంత్రపు చెయ్యట. అదే తుపాకీ, అదే నిప్పులు కక్కే గొట్టం. లూకస్ ఒప్పుకోలేదు. అలాంటి చెయ్యి పెడితే ఇది 1936లో జరిగే సాహస కథ కాకుండా పోతుంది, సైన్సు కథల దారి పడుతుంది అన్నాడు. 'స్టార్ వార్స్' తీసిన మనిషి ఆ మాట అన్నాడంటే, ఏ కథకి ఏది తగదో ఎంత తెలుసో చూడండి. ఆ వేషానికి ముందు క్లాస్ కిన్‌స్కీ అనే జర్మన్ నటుణ్ణి అడిగితే కాదన్నాడు. ఇంగ్లండు నటుడు రోనల్డ్ లేసీకి దక్కింది. అతన్ని చూస్తే స్పీల్‌బర్గ్‌కి పాతకాలం నటుడు పీటర్ లోరీ గుర్తొచ్చాడట.

ఇనప చెయ్యి పోయింది సరే, దాని చోట ఏమొచ్చిందో అది వినండి. నేపాల్‌లో కథానాయిక మేరియన్ సారాకొట్టు తగలబడుతుంటుంది. పాతిపెట్టిన పెట్టె జాడ చెప్పే పతకం ఆమె దగ్గరుంటుంది. దాన్ని కర్రకి తగిలిస్తే, దాని గుండా పడ్డ ఎండ ఆ చోటు చూపిస్తుంది. మంటల్లో కాలి ఎర్రబడ్డ ఆ పతకాన్ని టోట్ ఆశకొద్దీ పట్టుకుంటాడు. కేక పెట్టి బయటికి పరుగెత్తి చేతిని మంచులో కుక్కుతాడు. అరచేతిలో పతకం ముద్ర అచ్చంగా పడిపోతుంది. ఆ కాలిన మచ్చ చూసే నాజీలు నకలు పతకం చేయించుకుంటారు. కానీ పట్టుకున్నది ఒక వైపే కదా! ఆ వైపు కర్ర ఆరు కదాల ఎత్తుండాలని ఉంటుంది, కదం అంటే పాతకాలపు కొలత. రెండో వైపు అందులోంచి ఒక కదం తగ్గించమని ఉంటుంది. వాళ్లకి రెండోది తెలియదు. కర్ర పొడుగైపోయింది, ఎండ పడాల్సిన చోట పడలేదు, ఎడారంతా తప్పు చోట తవ్వుకుంటూ కూర్చున్నారు. వాడు హిట్లర్ సలాం కొట్టడానికి చెయ్యెత్తినప్పుడు మచ్చ మనకి కనపడుతుంది. మేకప్ వాడిగా చెబుతున్నాను, వెండితెర మీద అంత పని చేసిన మచ్చని నేను ఇంకోటి చూడలేదు. ఇనప చెయ్యే ఉంటే అది కాలేదీ కాదు, ముద్ర పడేదీ కాదు.

ఇంకో చోటుంది. గుడారంలో మేరియన్ ఎదుట కోటు విప్పి, గొలుసులు వేలాడే పరికరం ఒకటి తీస్తాడు. ఇక చిత్రహింసే అనుకుని ఆ పిల్ల బిగుసుకుపోతుంది. వాడు దాన్ని టకటకా మడుస్తాడు, చూస్తే అది కోటు తగిలించుకునే హ్యాంగరు! ఈ ముక్క అంతకు ముందు '1941' అనే సినిమాకి క్రిస్టఫర్ లీ మీద తీసి పక్కన పెట్టేసింది. ఒక సినిమాలో కుదరనిది ఇంకో విలన్‌కి అతికినట్టు సరిపోయింది.

చివర్లో టోట్ మొహం కరిగిపోయేది కూడా చెప్పాలి. క్రిస్ వాలస్ అనే అతని పనితనం అది. గట్టి పుర్రె మీద రంగురంగుల జెలటిన్ పొరలు పొరలుగా పోసి లేసీ మొహం చేశాడు. దగ్గర్లో సెగ పెట్టి, అది మెల్లగా కారుతుంటే కెమెరా వేగం తగ్గించి తీశారు. తెర మీద క్షణాల్లో కరిగినట్టుంటుంది. మైనపొత్తి కారినట్టు చర్మం జారుతుంటే నేను కుర్చీలో ముందుకి వంగి ఏ పొర ముందు జారుతోందా అని చూశాను.

1984లో రెండో సినిమా వచ్చింది. అందులో విలన్ మోలారామ్ మన అమ్రీష్ పురి. దాని కోసం గుండు చేయించుకున్నాడు, ఆ తరవాత గుండు అలాగే ఉంచుకుని వేషానికో విగ్గు పెట్టేవాడు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మాంత్రికుడు మహాద్రష్ట ఆయనే కదా. ఆ రెండో సినిమా మీద మాత్రం నాకు కోపం ఉంది. కాళికమ్మని అలా చూపించడం, రాజుగారి విందులో కోతి మెదడు వడ్డించడం నాకు మింగుడుపడలేదు. జైపూర్ దగ్గర ఆమేర్ కోటలో తీద్దామనుకున్నారు. స్క్రిప్టు మీద మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో శ్రీలంకలో క్యాండీకి వెళ్లారు. పురిగారి కళ్లకి మాత్రం వంక పెట్టలేం.

మూడో సినిమాకి క్రిస్ కొలంబస్ ఒక స్క్రిప్టు రాశాడు, వానర రాజు కథ, ఆఫ్రికాలో జరిగేది. అందులో గుటర్‌బర్గ్ అనే నాజీ సార్జెంటుకి మళ్లీ యంత్రపు చెయ్యి! ఆ కథే పక్కన పెట్టేశారు, దాంతో చెయ్యీ పోయింది. 1989లో వచ్చిన 'లాస్ట్ క్రుసేడ్' వేరే కథ. లేసీ అందులోనూ ఉన్నాడు. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు, హిమ్లర్ వేషం. బెర్లిన్‌లో పుస్తకాలు తగలబెట్టే ఘట్టం వచ్చినప్పుడు హిట్లర్ చుట్టుపక్కల చూడు చిన్నమ్మడూ, ఆ గుండ్రటి మొహం నీకే తెలిసిపోతుంది.